డ్రాగన్ ఫ్రూట్: ఎప్పుడు కోయాలి, ఎలా ఎంచుకోవాలి, ఎలా నిల్వ చేయాలి, ఎలా తినాలి?

తుగ్గలి, పత్తికొండ ప్రాంతాల్లో టమాటా వేసే రైతులకు ఒక లెక్క బాగా తెలుసు. దూరం వెళ్లే సరుకైతే కాయ దోరగా ఉన్నప్పుడే కోస్తారు. లారీ గమ్యం చేరేలోపు అదే రంగు తిరుగుతుంది, మెత్తబడుతుంది. మామిడి, అరటి, సీతాఫలం కూడా అంతే. చెట్టు మీద పక్వానికి వస్తే చాలు, మిగతాది గడ్డిలోనో గంపలోనో మాగుతుంది.

డ్రాగన్ ఫ్రూట్‌కు ఈ లెక్క పనికిరాదు. ఇది కోసిన తర్వాత మాగని పండు. మొక్క నుంచి వేరు చేసిన రోజు ఎంత తీపి ఉందో అంతే ఉంటుంది, ఆ తర్వాత పెరగదు. తోలు మాత్రం కోసిన తర్వాత కూడా కొంత ఎరుపు తిరగవచ్చు. అందుకే తొందరపడి కోసిన కాయ బుట్టలో చూడటానికి పండులాగే ఉంటుంది, నోట్లో పెట్టుకుంటే చప్పగా ఉంటుంది.

మన దగ్గర ఈ పంట కొత్త. చాలామంది దీన్ని ఇప్పుడిప్పుడే మొదటిసారి కొని రుచి చూస్తున్నారు. మొదటి పండు చప్పగా ఉంటే "ఇది పేరుకే పండు, రుచి లేదు" అనుకుని మళ్లీ కొనరు. ఆ నష్టం ఆ ఒక్క రైతుతో పోదు, చుట్టుపక్కల ఈ తోట వేసిన అందరికీ తగులుతుంది. కాబట్టి కోత, ఎంపిక, నిల్వ, తినే పద్ధతి అన్నీ వివరంగా తెలుసుకుందాం. పండించేవారికీ, కొనుక్కుని తినేవారికీ ఇవి పనికొస్తాయి.

పండు గురించి నాలుగు మాటలు

డ్రాగన్ ఫ్రూట్ పుట్టిల్లు దక్షిణ మెక్సికో, మధ్య అమెరికా. ఇది జెముడు జాతి మొక్క. మన చేల గట్ల మీద ఉండే నాగజెముడుకు దూరపు చుట్టం. నాగజెముడు పండు తిని నోరంతా ఎర్రగా చేసుకున్న చిన్ననాటి అనుభవం చాలామందికి ఉండే ఉంటుంది. ఎర్ర డ్రాగన్ గుజ్జుకు కూడా అదే రకం రంగు పదార్థం వల్ల ఆ ఎరుపు వస్తుంది. ప్రపంచంలో వియత్నాం ఈ పండును పెద్ద ఎత్తున ఎగుమతి చేస్తోంది. మన దేశంలో గుజరాత్ ప్రభుత్వం 2021 జనవరిలో దీనికి 'కమలం' అని పేరు పెట్టింది. అందుకే కొన్ని ప్రభుత్వ పథకాల కాగితాల్లో కమలం అని కనిపిస్తుంది. రెండూ ఒకటే.

మార్కెట్లో ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి.

1. ఎర్ర తోలు, తెల్ల గుజ్జు: కాయ కొంచెం కోలగా, పొలుసులు పొడవుగా ఉంటాయి. తీపి మధ్యస్థంగా ఉంటుంది.

2. ఎర్ర తోలు, ఎర్ర గుజ్జు: కాయ ఎక్కువగా గుండ్రంగా ఉంటుంది. సాధారణంగా తెల్లదాని కంటే తియ్యగా ఉంటుంది. మన తోటల్లో ఎక్కువగా నాటుతున్నది ఇదే.

3. పసుపు తోలు, తెల్ల గుజ్జు: తీపి బాగా ఎక్కువ, కాయ చిన్నది. ఒక రకానికి తోలు మీద ముళ్లు కూడా ఉంటాయి. మన మార్కెట్లలో తక్కువగా దొరుకుతుంది.

ఎర్ర తోలు పండ్లలో లోపలి గుజ్జు తెలుపో ఎరుపో పైనుంచి చూసి కచ్చితంగా చెప్పలేం. తోటలో రెండు రకాలూ ఉంటే స్తంభాలకు రంగు గుర్తు వేసి, కోత రోజే వేర్వేరు ట్రేలలో పెట్టుకోండి. కలిసిపోయిన తర్వాత వేరు చేయడం కష్టం. ఎరుపు అని చెప్పి అమ్మిన పండు ఇంట్లో కోస్తే తెల్లగా ఉందంటే కొన్నవాళ్లు మోసపోయామనుకుంటారు.

కోత సమయం: పూత రోజు నుంచి లెక్క

డ్రాగన్ పువ్వు సాయంత్రం విచ్చుకుని రాత్రంతా ఉండి, మరుసటి ఉదయానికి ముడుచుకుపోతుంది. ఆ రాత్రి నుంచి సుమారు 28 నుంచి 35 రోజుల్లో పండు కోతకు వస్తుంది. ఎండ బాగా కాస్తే ముందుగా, మబ్బులు పట్టి చల్లగా ఉంటే ఆలస్యంగా వస్తుంది. మన ప్రాంతంలో జూన్ నుంచి అక్టోబరు, నవంబరు వరకు పూత విడతలు విడతలుగా వస్తుంది. ఒకే స్తంభం మీద మొగ్గ, పువ్వు, పచ్చి కాయ, పండు నాలుగూ ఒకేసారి ఉంటాయి. కంటితో చూసి ఏది ఎన్ని రోజులదో గుర్తుపెట్టుకోలేం.

దీనికి ఖర్చు లేని ఉపాయం రంగు దారం. ఒక విడత పూత వచ్చిన మరుసటి ఉదయం ఆ పూల పక్కన కొమ్మకు ఒక రంగు దారం కట్టండి. తర్వాతి విడతకు ఇంకో రంగు. ఏ రంగు ఏ తేదీదో ఇంట్లో క్యాలెండరు మీద రాసుకోండి. అప్పుడు 28వ రోజు ఎప్పుడో మీకు ముందే తెలుస్తుంది. కూలీలను, బండిని ఆ రోజుకు మాట్లాడుకోవచ్చు.

రోజుల లెక్కతో పాటు కాయ మీద ఈ గుర్తులు చూడండి.

• తోలు ఆకుపచ్చ పూర్తిగా పోయి, తొడిమ వైపు కూడా ఎరుపు రంగు తిరగాలి. సగం పచ్చగా ఉన్న కాయను కోయకూడదు.

• పూర్తి రంగు వచ్చాక వెంటనే కాకుండా మరో 3, 4 రోజులు ఆగితే తీపి బాగా పడుతుంది. దగ్గరి మార్కెట్‌కైతే అలా ఆగండి. బెంగళూరు, హైదరాబాదు పంపే సరుకైతే పూర్తి రంగు వచ్చిన ఒకటి రెండు రోజులకు కోయవచ్చు. అంతకంటే ముందు వద్దు.

• పొలుసుల కొనలు పచ్చదనం తగ్గి కొద్దిగా వాడటం మొదలవుతాయి.

• బొటనవేలితో మెల్లగా నొక్కితే కొద్దిగా లొంగాలి. రాయిలా ఉంటే ఇంకా రాలేదు. వేలు దిగబడితే ఆలస్యమైంది.

రిఫ్రాక్టోమీటరు అనే చిన్న పరికరం ఉంటే ఇంకా మంచిది. పండు మధ్య గుజ్జు నుంచి ఒక చుక్క రసం వేసి చూస్తే తీపి ఎంతో అంకెలో కనిపిస్తుంది. డ్రాగన్‌లో మధ్య భాగం తియ్యగా, తోలు దగ్గర చప్పగా ఉంటుంది. కాబట్టి ప్రతిసారీ మధ్య నుంచే తీయండి. 12, 13 దాటితే తినేవారికి నచ్చే తీపి ఉన్నట్టు. పరికరం లేకపోతే ఆ విడతలో రెండు పండ్లు కోసి ఇంట్లోవాళ్లకు పెట్టండి. పిల్లలు రెండో ముక్క అడిగితే ఆ విడత కోతకు వచ్చినట్టే.

మరీ ఆలస్యం కూడా మంచిది కాదు. బాగా పండిన కాయ మీద ఒక్కసారిగా వాన పడితే మొన దగ్గర పగులుతుంది. పగిలిన చోట చీమలు, పిట్టలు చేరతాయి, కుళ్లు మొదలవుతుంది. వాన సూచన ఉంటే పక్వానికి వచ్చిన కాయలను ముందురోజే కోసేయండి. పచ్చి కాయలను మాత్రం వాన భయంతో కోయవద్దు.

"తోటంతా ఒకేరోజు కోసిస్తే బండి పెడతా" అనే వ్యాపారి వస్తే ఏం చేయాలి? ఆ రోజు పక్వానికి వచ్చినవి మాత్రమే ఇస్తామని, మిగతావి నాలుగు రోజుల తర్వాత ఇస్తామని ముందే చెప్పండి. కాయ చివరి రోజుల్లో తీపితో పాటు బరువు కూడా పెరుగుతుంది. పచ్చిగా కోసిస్తే తూకంలోనూ నష్టపోయేది మీరే, తర్వాత పేరు పోయేదీ మీకే.

కోసే పద్ధతి

ఉదయం మంచు తడి ఆరిన తర్వాత, ఎండ ఎక్కకముందే కోయడం మంచిది. మధ్యాహ్నం వేడెక్కిన కాయను కోసి ట్రేలో పెడితే ఆ వేడి లోపలే ఉండి త్వరగా పాడవుతుంది.

కాయను చేత్తో పట్టుకుని మెలితిప్పి లాగవద్దు. తొడిమ దగ్గర తోలు చిరిగి గాయమవుతుంది, కుళ్లు అక్కడి నుంచే మొదలవుతుంది. పదునైన కత్తెరతో, కాయకు కొద్దిగా కొమ్మ ముక్క మిగిలేలా కత్తిరించండి. కొమ్మ అంచులకు ముళ్లు ఉంటాయి కాబట్టి మందపాటి చేతిగుడ్డలు వేసుకోవాలి. కత్తెరను మధ్యమధ్యలో శుభ్రం చేయండి. తెగులు ఉన్న కొమ్మను కత్తిరించిన కత్తెరతోనే మంచి కాయను కోస్తే తెగులు అంటుకుంటుంది.

కోసిన కాయలను నేల మీద కుప్ప పోయవద్దు. గోనెసంచుల్లో అసలే వేయవద్దు. టమాటా ట్రేలే దీనికీ సరిపోతాయి. అడుగున పాత పేపరు పరిచి, రెండు వరుసలకు మించకుండా పేర్చండి. పొలుసులు ఒకదానికొకటి గుచ్చుకోకుండా చూడండి. నిండిన ట్రేలను వెంటనే నీడకు చేర్చండి. వేపచెట్టు కింద అయినా పరవాలేదు.

కోతకు దగ్గరలో ఉన్న తోటలో పురుగుమందులు చల్లవద్దు. ఏ మందు చల్లినా డబ్బా మీద రాసిన గడువు రోజులు పూర్తయ్యాకే కోయాలి. ఈ పండును చాలామంది ఆరోగ్యం కోసం, పిల్లల కోసం కొంటారు.

మంచి పండును ఎంచుకోవడం

గ్రేడింగ్ చేసే రైతుకూ, బజారులో కొనేవారికీ గుర్తులు ఒకటే.

తీసుకోవాల్సినవి: రంగు అంతటా సమానంగా ఉన్నవి, చేతిలో పట్టుకుంటే సైజుకు తగ్గ బరువు ఉన్నవి, తోలు బిగువుగా ఉన్నవి, తొడిమ దగ్గర పొడిగా ఉన్నవి.

పక్కన పెట్టాల్సినవి: మొన పగిలినవి, తోలు మీద గోధుమ రంగు మెత్తటి మచ్చలు ఉన్నవి, తొడిమ దగ్గర నీరు కారేవి, పులిసిన వాసన వచ్చేవి, పొలుసులు పూర్తిగా ఎండి తోలు ముడతలు పడినవి. ముడతలు పడిన పండు కోసి చాలా రోజులైందని అర్థం.

తోలు మీద ఎండిన చిన్న గీతలు, ముల్లు గీసుకున్న జాడలు ఉంటే రుచికి లోటేమీ లేదు. అలాంటివి దూరపు మార్కెట్‌కు పంపకుండా ఊళ్లోనే కొంచెం తక్కువ ధరకు అమ్ముకోవచ్చు. మచ్చ మెత్తగా ఉందా, గట్టిగా ఉందా అన్నదే చూడాలి. మెత్తటి మచ్చ అంటే కుళ్లు మొదలైనట్టు. అలాంటి కాయ ఒక్కటి ట్రేలో ఉన్నా పక్కవాటికి పాకుతుంది.

సైజుల వారీగా వేరు చేసి అమ్మితే ధర బాగా వస్తుంది. ఎన్ని గ్రాములు దాటితే మొదటి రకం అన్నది ఒక్కో వ్యాపారి ఒక్కోలా చెబుతాడు. కోతకు ముందే అడిగి తెలుసుకుని దాని ప్రకారం వేరు చేయండి. చిన్నవీ పెద్దవీ కలిపి పంపితే మొత్తానికి చిన్నవాటి ధరే కడతారు.

నిల్వ: ఎక్కడ ఎన్ని రోజులు?

నిల్వ చేస్తే పండు మెరుగుపడదు, నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది. ఆ తగ్గుదలను ఆలస్యం చేయడమే మన పని.

గది వాతావరణంలో: గాలి ఆడే నీడ పట్టున 5, 6 రోజులు బాగుంటుంది. ముందుగా పొలుసులు వాడతాయి, తర్వాత తోలు ముడత పడుతుంది, బరువు తగ్గుతుంది.

శీతల గిడ్డంగిలో: సుమారు 10 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర, గాలిలో తేమ ఎక్కువగా ఉంటే రెండు వారాల వరకు నిల్వ ఉంటుంది. ఇది వేడి ప్రాంతపు పండు కాబట్టి మరీ చల్లదనాన్ని తట్టుకోలేదు. 6 డిగ్రీల కంటే తక్కువలో చాలా రోజులు ఉంచితే గుజ్జు నీళ్లు పట్టినట్టు మారి, బయటకు తీయగానే త్వరగా చెడిపోతుంది. గిడ్డంగిలో వేరే సరుకుతో కలిపి పెట్టేటప్పుడు ఎన్ని డిగ్రీలు పెడుతున్నారో అడగండి.

ఇంట్లో ఫ్రిజ్‌లో: కడగకుండా, నాలుగైదు చిల్లులు పెట్టిన కవరులో వేసి, కింద కూరగాయల అరలో ఉంచండి. అక్కడ చల్లదనం కొంచెం తక్కువగా ఉంటుంది. వారం రోజులు బాగుంటుంది. కోసిన ముక్కలైతే మూత ఉన్న డబ్బాలో పెట్టి మరుసటి రోజుకల్లా తినేయాలి.

గిడ్డంగి అందుబాటులో లేని చిన్న రైతు చేసుకోగలిగింది ఇటుకల శీతల గది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించిన దీనికి కరెంటు అక్కర్లేదు. నీడ పట్టున, గాలి తగిలే చోట ఇటుకలతో నేల పరిచి, దాని మీద సుమారు 165 సెం.మీ. పొడవు, 115 సెం.మీ. వెడల్పు, 67 సెం.మీ. ఎత్తులో రెండు వరుసల గోడ కట్టాలి. రెండు గోడల మధ్య 7.5 సెం.మీ. సందు వదిలి అందులో ఇసుక నింపాలి. ఇసుకను, ఇటుకలను ఉదయం, సాయంత్రం నీళ్లతో తడపాలి. పైన వెదురు, రెల్లుగడ్డి లేదా గోనెపట్టాతో మూత చేసుకోవాలి. పండ్లు ట్రేలలోనే లోపల పెట్టాలి, వాటి మీద నీళ్లు పడకూడదు. ఇది కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే. మన వైపు జూన్, జులైల్లో వీచే పొడిగాలికి ఇది బాగా పనిచేస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో నీరు ఆవిరి కాదు కాబట్టి చల్లదనం తక్కువగా ఉంటుంది. అలాంటి రోజుల్లో దీని మీద ఆధారపడకుండా పండ్లు త్వరగా అమ్మేయండి.

మీ దగ్గర పండు ఎన్ని రోజులు ఆగుతుందో మీరే తేల్చుకోవచ్చు. ఒకే రోజు కోసిన పది పండ్లు తీసుకుని, ఐదు గదిలో, ఐదు ఇటుకల గదిలో పెట్టండి. రోజూ ఒకే సమయానికి తూచి పుస్తకంలో రాయండి. ఏ రోజు నుంచి బరువు ఎక్కువగా పడిపోతోందో, ఏ రోజు తోలు ముడత పడిందో చూడండి. ఒక్కసారి ఇలా చేస్తే "ధర పెరుగుతుందేమో, రెండు రోజులు ఆగుదాం" అనే మాట మీకు లాభమో నష్టమో అంకెల్లో తెలుస్తుంది.

కార్బైడ్, మాగబెట్టే మందులు వద్దు

కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడం చట్టరీత్యా నిషేధం. డ్రాగన్ విషయంలో అది నేరమే కాదు, దండగ కూడా. మాగే గుణమే లేని పండు ఏ మందుకూ మాగదు. అరటికి వాడే ఇథిలీన్ గది కూడా దీని తీపి పెంచదు. ఎవరైనా అలాంటి పొడి అమ్మజూపితే డబ్బు పాడు చేసుకోవద్దు.

తినే పద్ధతి

పండును కడిగి తుడిచి, నిలువుగా రెండు చెక్కలు చేయండి. చెంచాతో గుజ్జు తీసుకుని తినవచ్చు. లేదా తోలుకు చివర గాటు పెట్టి లాగితే అరటి తొక్కలా సులభంగా ఊడి వస్తుంది. అప్పుడు ముక్కలు చేసుకోవచ్చు. తోలు తినరు. గుజ్జులోని నల్ల గింజలు నువ్వుల్లా చిన్నవి, వాటిని తీయనక్కర్లేదు. నమిలి తినాలి.

ఒక గంట ఫ్రిజ్‌లోనో, చల్లటి కుండ పక్కనో ఉంచి తింటే రుచి బాగుంటుంది. తెల్ల గుజ్జు కొంచెం చప్పగా అనిపిస్తే నాలుగు చుక్కల నిమ్మరసం, చిటికెడు ఉప్పు చల్లండి. పెరుగులో కలిపి పిల్లలకు పెట్టవచ్చు. ఎర్ర గుజ్జుతో చేసిన రసం, లస్సీ రంగుతోనే ఆకట్టుకుంటాయి. ఎర్ర గుజ్జును ఎక్కువసేపు ఉడికిస్తే ఆ రంగు వెలిసిపోతుంది. జామ్ చేసేవారు చిన్న మంట మీద తక్కువ సమయంలో ముగించాలి. ఇంట్లో చేసిన జామ్, రసం అమ్మాలనుకుంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోండి.

పగిలిన పండ్లలో కుళ్లు లేనివాటిని అదే రోజు గుజ్జు తీసి వాడుకోవాలి. ఫ్రీజర్ ఉంటే ముక్కలుగా కోసి గడ్డకట్టించి రసాలకు వాడుకోవచ్చు.

పోషకాలు: ఉన్నంతే చెప్పి అమ్ముదాం

ఈ పండులో ఐదింట నాలుగు వంతులకు పైగా నీరే. 100 గ్రాముల గుజ్జులో సుమారు 50 నుంచి 60 కేలరీలు, 3 గ్రాముల వరకు పీచు ఉంటాయి. పీచు వల్ల విరేచనం సాఫీగా అవుతుంది. విటమిన్ సి కొంత ఉంది కానీ మన జామపండులో ఉన్నదాంట్లో ఇది చిన్న వంతే. తేలికగా అరిగే చల్లటి మంచి పండు, అంతే. సర్వరోగ నివారిణి కాదు.

వానాకాలంలో డెంగీ జ్వరాలు వచ్చినప్పుడు, ఈ పండు తింటే ప్లేట్‌లెట్లు పెరుగుతాయని ప్రచారం జరుగుతుంది. దానికి నమ్మదగిన రుజువు లేదు. జ్వరం వచ్చినవారు పండు తినవచ్చు, తప్పులేదు. కానీ పండు మీద నమ్మకం పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేస్తే ప్రాణం మీదకు వస్తుంది. మీ దగ్గర ఎవరైనా జ్వరానికి అని చెప్పి కొంటే, "పండు తినండి, రక్తపరీక్ష మాత్రం మానవద్దు అన్నా" అని ఒక మాట చెప్పండి.

షుగర్ ఉన్నవారు ఒక పూట అర పండు వరకు, మిగతా తిండి లెక్కలో కలుపుకుని తినాలి. రసంగా తాగడం కంటే ముక్కలు నమిలి తినడం మేలు.

తరచుగా అడిగే ప్రశ్నలు

ఎర్ర డ్రాగన్ తిన్న మరుసటి రోజు మూత్రం, విరేచనం ఎర్రగా వచ్చాయి. ప్రమాదమా?
కాదు. బీట్‌రూట్ తిన్నప్పుడు వచ్చినట్టే పండు రంగు అది. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. పండు తినకుండానే అలా వస్తే, తిన్నా రంగు తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. ఎర్ర గుజ్జు అమ్మేటప్పుడు ఈ సంగతి కొనేవారికి ముందే చెప్పడం మంచిది.

పచ్చిగా రాలిన కాయను బియ్యంలో పెడితే మాగుతుందా?
మాగదు. మెత్తబడి వాడిపోతుంది, తీపి రాదు.

పువ్వులు తినవచ్చా?
చైనాలో ఎండబెట్టిన డ్రాగన్ పూలను సూప్‌లో వాడతారు. కాయ కట్టిన తర్వాత ముడుచుకుపోయిన పూరేకలను ఎలాగూ తీసేయాలి. లేకపోతే వానకు అక్కడ కుళ్లి, కాయ మొనకు మచ్చ పడుతుంది.

అమ్మకం ఎక్కడ?

పండు తక్కువగా ఉన్న మొదటి ఏళ్లలో దూరపు మార్కెట్ వెంట పడటం కంటే పత్తికొండ, గుత్తి, గుంతకల్లు, ఆదోని, ఎమ్మిగనూరు బజార్లలో, రోడ్డు పక్కన నేరుగా అమ్ముకోవడం మేలు. పూర్తిగా పండిన కాయను కోసి అదే రోజు అమ్మగలగడం మీకున్న బలం. ఎక్కడో దూరం నుంచి వచ్చే పండుకు ఆ అవకాశం లేదు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. తోటల మొదటి పండ్లు కూడా ఆ తర్వాతి వారాల్లోనే చేతికొస్తాయి. ఒక పండు కోసి రుచి చూపించండి. తియ్యగా ఉంటే వాళ్లే కిలో అడుగుతారు.

గుర్తుంచుకోవాల్సినవి

• పూత రోజున రంగు దారం కట్టాలి, తేదీ రాయాలి.
• పూర్తి రంగు వచ్చాక దగ్గరి మార్కెట్‌కు 3, 4 రోజులు ఆగి కోయాలి.
• లాగకూడదు, కత్తెరతో కత్తిరించాలి. ట్రేలో నీడకు చేర్చాలి.
• కడగకుండా నిల్వ చేయాలి. మరీ చల్లగా ఉంచకూడదు.
• పచ్చి కాయను ఎవరు అడిగినా ఇవ్వకూడదు.

తోటలో తెగుళ్లు, ఎరువులు, పథకాల గురించి మీ ఊరి రైతు సేవా కేంద్రంలో, మండల ఉద్యాన అధికారి దగ్గర లేదా ఎమ్మిగనూరు వైపున్న బనవాసి కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి తెలుసుకోవచ్చు. వెళ్లేటప్పుడు మచ్చలున్న కాయ, కొమ్మ ముక్క ఒక కవరులో తీసుకెళ్తే వారికి చూసి చెప్పడం తేలికవుతుంది.